ఏ శాఖకీ చెందని కూత

మల్లిడిపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు మేడ మీద ఉంటుంది. కింద ఉంటే పిల్లలు ఊరికే వచ్చేస్తుంటారని పైకి మార్చారట. ఆ ల్యాబుకి ఇన్‌ఛార్జి హైమవతి గారు. చాలా ఏళ్లుగా ఆవిడ అక్కడ లాజిక్ గేట్ల పాఠం చెబుతున్నారు, పిల్లలు కూడా చాలా ఏళ్లుగా ఆ పాఠం వింటూ నిద్రపోతున్నారు. ప్రయోగం రోజున సీనియర్ల రికార్డు తెచ్చుకుని రీడింగులు దించేసుకునేవారు. చిప్పు మాట దేవుడెరుగు, దాన్ని పెట్టిన అట్టపెట్టె మూత కూడా ఎవరూ తీసిన పాపాన పోలేదు. అయినా అందరికీ నూటికి తొంభై పైనే మార్కులు. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఒక్క హైమవతి గారికి తప్ప. సాయంత్రం ఇంటికెళ్లి కుక్కరు పెడుతూ, "నేను చెప్పేది చదువేనంటారా?" అని భర్తని అడిగేవారు. ఆయన, "జీతం పడుతోందిగా" అని పేపరు తిరగేసేవారు.

నాట్ గేటు అని ఒకటుంటుంది. పాపం దానికి ఒకటే పని. మనం అవునంటే అది కాదంటుంది, మనం కాదంటే అది అవునంటుంది. అలాంటివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు కాబట్టి అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. గోరంత నల్లటి చిప్పులో ఇలాంటివి ఆరు కూర్చుని ఉంటాయి. ఒకరోజు నూకరత్నం అనే రెండో సంవత్సరం అమ్మాయి, మనసెక్కడో పెట్టుకుని, ఒక గేటు నోట్లోంచి వచ్చిన తీగని తీసుకెళ్లి దాని చెవిలోనే కలిపేసింది. ఇంకేముంది! అది అవునంది. తన మాట తనే విని కాదంది. అది విని మళ్లీ అవునంది. అలా సెకనుకి కొన్ని వందలసార్లు తనతో తనే తగువు పెట్టుకుంది. పక్కనున్న స్పీకర్‌లోంచి ఆ తగువంతా "కుయ్య్య్" మంటూ బయటికొచ్చింది.

నిద్రపోతున్న క్లాసు ఉలిక్కిపడి లేచింది. రత్నం బిక్కమొహం వేసుకుని, "తప్పయిపోయిందండి మేడం గారండి" అంది.

"ఆగు, తీసెయ్యకు. ఆ కెపాసిటరు మార్చి చూడు" అన్నారు హైమవతి గారు.

మార్చగానే కూత కాస్తా గురకైంది. నాబ్ తిప్పితే గురక ఏడుపైంది. వెలుతురు పడితే గుణం మారే చిన్న సెన్సర్ ఒకటి తగిలించి, దాని మీద చెయ్యి ఆడించేసరికి ఏడుపు కాస్తా కిచకిచలైంది. ఆ తర్వాత పిల్లల్ని ల్యాబులోంచి పంపడం ఎవరి తరమూ కాలేదు. అగరుబత్తి డబ్బాలు, సబ్బుపెట్టెలు, కాజాల అట్టపెట్టెలు, ఏది దొరికితే అది తెచ్చి, లోపల చిప్పు పెట్టి, బ్యాటరీ కట్టి, ఎవరి గోల వాళ్లు తయారు చేసుకున్నారు. వేళ్లు కాల్చుకున్నారు. చిప్పులు మాడ్చారు. ఎందుకు మాడిందో మొదటిసారి పుస్తకం తెరిచి వెతుక్కున్నారు. హైమవతి గారు ఆ కాలిన వాసన మధ్య నిలబడి, తన ఉద్యోగంలో ఇన్నాళ్లకి ఒక పాఠం చెప్పానని పొంగిపోయారు. ఆ గది తలుపు ఇలా తీసి ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నారు.

ప్రిన్సిపాల్ వీరభద్రం గారు మాత్రం మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"హైమవతి గారూ! ఇది కళాశాలా, కోళ్లఫారమా?"

"నేర్చుకుంటున్నారండీ."

"నేర్చుకునేటప్పుడు చప్పుడు రావడం నా సర్వీసులో చూళ్లేదమ్మా! రేపొద్దున్న ఆర్జేడీ గారు తనిఖీకొస్తే నేనేం చెప్పుకోను?"

ఆర్జేడీ గారు నిజంగానే వచ్చారు. ఆయన పేరు విద్యానందం గారు, ఆ ప్రాంతపు కాలేజీలన్నిటి మీదా పెద్ద అధికారి. అంతకు వారం ముందే సృజనాత్మకత మీద జరిగిన శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చారు, అక్కడ పంచిన సంచీ ఇంకా భుజాన్నే ఉంది. ప్రిన్సిపాల్ గారు ఆయన్ని మేడ మెట్ల వైపు పోనివ్వకుండా పూలకుండీలు చూపించడానికి చాలా కష్టపడ్డారు గానీ, పైనుంచి పది డబ్బాలు ఒక్కసారి కూయడంతో కుండీల కార్యక్రమం ఆగిపోయింది.

ఆర్జేడీ గారు పైకొచ్చి, రత్నం చేతిలోని అగరుబత్తి డబ్బా చూసి, "దీని ప్రయోజనమేమి?" అన్నారు.

"ప్రయోజనం ఏంలేదండి. బాగుంటదనండి, ఆయ్" అంది రత్నం.

ప్రిన్సిపాల్ గారు కళ్లు మూసుకున్నారు. ఆర్జేడీ గారు మాత్రం సంచీ సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఇది కేవలం శబ్దము కాదు. ఇది యువశక్తి యొక్క అంతరంగ ఘోష. నిష్ప్రయోజనమైనదానిని నిర్మించుటయే సృజనకు పరాకాష్ఠ అని శిబిరమునందు మాకు విశదీకరించియున్నారు. దీనిని తక్షణమే వ్యవస్థీకృతము చేయవలసిన ఆవశ్యకత ఎంతైనను కలదు."

హైమవతి గారు సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టారు. వ్యవస్థీకృతం అన్న మాట దగ్గర ఆవిడకి కాస్త భయం వేయాల్సింది. వేయలేదు.

నెల తిరక్కుండా శబ్ద సృజన పథకం వచ్చేసింది. అన్ని పాలిటెక్నిక్కులకీ ఆదేశాలు వెళ్లాయి. ప్రతి కళాశాలయు ప్రామాణిక శబ్దమును మాత్రమే సృజించవలెను, అప్రామాణిక శబ్దమును సృజించువారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును, అని వాటి సారాంశం. ప్రామాణిక శబ్దమంటే ఏమిటో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. పథకం పుట్టిన ఊరు కాబట్టి ఆ కమిటీ మల్లిడిపాలెంలోనే, ప్రిన్సిపాల్ గారి గదిలో కూర్చుంది. ఆర్జేడీ గారు అధ్యక్షులు, ప్రిన్సిపాల్ గారు సభ్యులు. ఊళ్లో పేరున్న నాదస్వర విద్వాంసులు షేక్ ఖాసిం సాహెబు గారిని సాంస్కృతిక నిపుణులుగా పిలిచారు. ఇక నిబంధనల సంగతి చూడ్డానికి ఆఫీసు సూపరింటెండెంటు పల్లంరాజు గారు ఉండనే ఉన్నారు. ఏ పని ఏ శాఖ కిందికి రాదో చెప్పడంలో పల్లంరాజు గారిని మించినవాళ్లు ఆ జిల్లాలో లేరు.

పకోడీలు వచ్చాయి. హైమవతి గారు పిల్లల డబ్బాలు వరసగా బల్ల మీద పెట్టి, ముందుగా రత్నం డబ్బా మీద చెయ్యి ఆడించారు.

ఖాసిం సాహెబు గారు చేతిలో పకోడీ ప్లేటులో పెట్టేసి, ముందుకి వంగి విన్నారు. "అబ్బో, ఎంత ముద్దుగా ఉందమ్మా! మా దొడ్లో జామచెట్టు మీద పిగిలిపిట్ట అచ్చం ఇలాగే పలుకుద్ది. పిల్ల చేతిలో గమకం ఉందండి" అన్నారు.

పల్లంరాజు గారు చిన్నగా దగ్గారు.

"పిట్ట అన్నారండి. పిట్టంటే వన్యప్రాణండి. వన్యప్రాణంటే అటవీ శాఖండి. వాళ్ల నుంచి నిరభ్యంతర పత్రం లేకుండా మనం పిట్టకూత కూయించామంటే, రేపు ఆడిటోళ్లు ఒప్పుకోరండి."

ఆర్జేడీ గారు తల పంకించారు. రత్నం డబ్బా పక్కకి వెళ్లింది.

సబ్బుపెట్టె తీశారు. అది "డుర్ర్ర్" మని మోపెడ్డులా మొదలెట్టగానే పల్లంరాజు గారు రవాణా శాఖ అన్నారు. పిస్తా రంగు టిఫిను డబ్బా పసిబిడ్డలా ఏడ్చింది, స్త్రీ శిశు సంక్షేమ శాఖ. కాజాల పెట్టె "బెకబెక" మంది. ఈ కప్ప దగ్గర మాత్రం చర్చ చాలాసేపు నడిచింది. ప్రిన్సిపాల్ గారు మత్స్యశాఖ అన్నారు, ఆర్జేడీ గారు పశుసంవర్ధక శాఖకు అవకాశం లేకపోలేదన్నారు.

"నీళ్లలో ఉండగా అరిస్తే మత్స్యశాఖండి. గట్టెక్కి అరిస్తే పశుసంవర్ధక శాఖండి. కానీ గట్టు నీటిపారుదలోళ్లదండి" అని తేల్చారు పల్లంరాజు గారు. మూడు శాఖలతో పెట్టుకోవడం ఎందుకని కప్పని కూడా పక్కన పెట్టేశారు.

హైమవతి గారికి తల ప్రాణం తోకకొచ్చింది. ఏ జంతువూ గుర్తురాకుండా, నాబ్ కిందికి తిప్పి "మ్మ్మ్" మని ఒకటే స్వరం వచ్చేలా పెట్టారు.

"మా వీధి ట్రాన్స్‌ఫార్మరండి. విద్యుత్ శాఖండి" అన్నారు పల్లంరాజు గారు, ఈసారి జాలిగానే.

ఆవిడ రెండు చిప్పులు కలిపేసి, మూడో చిప్పుతో వాటిని గిలకొట్టి, అర్థంపర్థం లేని "స్స్‌స్‌" తీశారు. అది వానలా ఉందని ఖాసిం సాహెబు గారు సంబరపడిపోయారు. ఆయన సంబరం కొంప ముంచింది. వానంటే వాతావరణ శాఖ, వాతావరణ శాఖంటే కేంద్రం. కేంద్రం అనగానే గదిలో అందరూ ఒక్క క్షణం నిటారుగా కూర్చున్నారు.

"అయితే దేనిలాగా ఉండాలండీ?" అన్నారు హైమవతి గారు, ఇక ఉండబట్టలేక.

"అమ్మా, దేనివలెను ఉండరాదు. ఏ శాఖ పరిధియందును ప్రవేశింపని శబ్దమే ప్రామాణిక శబ్దము" అన్నారు ఆర్జేడీ గారు.

"అలాంటిది లోకంలో ఉంటుందాండీ?"

"అన్వేషించుటకే గదా కమిటీ!"

చివర్లో ఒక డబ్బా మిగిలింది. హైమవతి గారు నాబ్ తిప్పారు. ఏమీ రాలేదు. చెయ్యి ఆడించారు. ఏమీ రాలేదు. పల్లంరాజు గారు చెవి దగ్గర పెట్టుకుని ఎంతో శ్రద్ధగా విని, డబ్బాని మర్యాదగా బల్ల మీద ఉంచారు.

"దీనికి ఎవరికీ అభ్యంతరం ఉండదండి."

"అది పనిచెయ్యట్లేదండీ! బ్యాటరీ అయిపోయింది!" అన్నారు హైమవతి గారు.

"పని చేయకపోవుట వలన ఏ శాఖకైనను అభ్యంతరము కలదా?" అని ఆర్జేడీ గారు పల్లంరాజు గారి వైపు తిరిగారు.

"నా సర్వీసులో ఎప్పుడూ రాలేదండి."

అలా నిశ్శబ్దం ప్రామాణిక శబ్దంగా ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఏకగ్రీవం అనడం పూర్తిగా సరికాదు. ఖాసిం సాహెబు గారు, "బాబూ, ఊదకుండా కూర్చోడానికి నాదస్వరం ఎందుకండీ?" అన్నారు. అది అభిప్రాయం కాదు, ప్రశ్న అని పల్లంరాజు గారు నిర్ణయించారు.

ఆ తర్వాత పనులు యుద్ధప్రాతిపదికన సాగాయి. అన్ని డబ్బాల్లోంచీ స్పీకర్లు కోసి తీసేయమన్నారు. డబ్బాలన్నీ ఒకే రంగు, లేత నీలం, పూయించమన్నారు. సాంకేతిక విద్యా శాఖ కమిషనర్ గారు స్వయంగా వచ్చి పథకాన్ని ప్రారంభిస్తారని, అదే వేదిక మీద మల్లిడిపాలెం ల్యాబుని ఆదర్శ ప్రయోగశాలగా ప్రకటిస్తారని కబురొచ్చింది.

"ఆదర్శమైతే ఇంకేమండీ, పిల్లలకి ఇంకో నాలుగు బల్లలు అడుగుదాం" అన్నారు హైమవతి గారు, కోసిన స్పీకర్ల బాధ కాస్త మరిచి.

ప్రిన్సిపాల్ గారు ఆవిడ వైపు వింతగా చూశారు. "పిల్లలేంటమ్మా? ఆదర్శ ప్రయోగశాలలోకి విద్యార్థుల్ని రానిస్తే ఆదర్శం ఎన్నాళ్లుంటుంది? అద్దాల బీరువా చేయిస్తున్నాం. డబ్బాలు అందులో ఉంటాయి. గది తాళం నా దగ్గరుంటుంది. పెద్దలెవరైనా చూడ్డానికొస్తే తీస్తాం."

"మరి పిల్లల ప్రయోగాలు?"

"ఇదివరకు ఎలా చేసేవారో అలాగే చేస్తారు. రికార్డులున్నాయి కదా!"

ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. మెట్లెక్కి ల్యాబుకి వెళ్లి, నీలం రంగు ఆరబెట్టిన డబ్బాల మధ్య కూర్చుండిపోయారు. రత్నం వచ్చి పక్కనే నిలబడింది.

"నా వల్లేనండి. ఆ రోజు తీగ సరిగ్గా పెట్టుంటే ఇంత దాకా రాకపోనండి" అంది.

"నువ్వు సరిగ్గా పెట్టుంటే ఈపాటికి నిద్రపోతుండేదానివి. నోర్మూసుకో" అన్నారు హైమవతి గారు, కళ్లు తుడుచుకుంటూ.

ప్రారంభోత్సవం రోజున కాలేజీ మైదానంలో షామియానా వేశారు. శాలువాలు, బొకేలు, జ్యోతి ప్రజ్వలనకి కొవ్వొత్తి, అన్నీ సిద్ధం. ఏ కాలేజీలోనైనా ఎలక్ట్రానిక్స్ చెప్పే మనిషికి సభ రోజున ఒకటే ఉద్యోగం, మైకు సెట్టు దగ్గర కూర్చోవడం. శాటిలైట్ల గురించి పాఠం చెప్పే మనిషైనా సరే, "మేడం, సౌండు పెంచండి" అంటే పెంచాలి, "తగ్గించండి" అంటే తగ్గించాలి. హైమవతి గారు వేదిక పక్కన ఆంప్లిఫయరు ముందు కూర్చున్నారు. ఆవిడ పక్కనే పొడవాటి బల్ల మీద నీలం డబ్బాలు, వాటి వెనక రత్నమూ మిగతా పిల్లలూ. ఒక్కో డబ్బా వెనక నుంచీ స్పీకరు కోసేసిన తీగలు రెండేసి వేలాడుతున్నాయి.

ప్రదర్శన మొదలైంది. పిల్లలు నాబ్‌లు తిప్పారు, చేతులు ఆడించారు. చీమ చిటుక్కుమనలేదు. కమిషనర్ గారు కాసేపు చూసి, "ఇవి ఏం చేస్తాయి?" అని అడిగారు.

"నిబంధనల ప్రకారం పనిచేస్తాయి సార్" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

కమిషనర్ గారు చాలా సంతోషించారు. తన పరిధిలో అలాంటివి చాలా తక్కువని మెచ్చుకుని, ఉపన్యాసానికి లేచారు. ఉపన్యాసం సృజనాత్మకత మీద. రాసుకొచ్చినది చదువుతూ చదువుతూ, "కావున ఈ ప్రయోగశాలను నేటి నుండి ఆదర్శ ప్రయోగశాలగా ప్రకటిస్తూ, దీని తాళములను..." అన్నారు. ప్రిన్సిపాల్ గారు ఎర్ర గుడ్డ పరిచిన పళ్లెంలో పెద్ద తాళం పట్టుకుని ముందుకొచ్చారు. పళ్లేనికి పసుపు రాసి, తాళానికి బొట్టు కూడా పెట్టారు.

ఆ బొట్టు చూసేసరికి హైమవతి గారికి ఒళ్లు మండిపోయింది. స్పీకర్లైతే ఆవిడే కోశారు. కానీ చిప్పు లోపల ఆ ఆరు గేట్లూ ఇంకా తగువాడుకుంటూనే ఉన్నాయని, వినిపించడానికి గొంతు మాత్రమే లేదని ఆవిడకి తెలుసు. ఎదురుగా ఆంప్లిఫయరు ఉంది. దానికి మైదానం నాలుగు మూలలా నాలుగు పెద్ద హార్న్‌లున్నాయి. ఆవిడ ఎవరి వైపూ చూడకుండా రత్నం డబ్బా తీగలు రెండూ అందుకుని, ఆంప్లిఫయరు వెనకాల ఖాళీగా ఉన్న కన్నంలో గుచ్చేశారు.

రత్నం ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి ఆడించింది.

పిగిలిపిట్ట మైదానమంతా కూసింది.

"మైకు! మైకు చూడండమ్మా!" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

హైమవతి గారు లేచి, మైకు తీగ అటు లాగి ఇటు లాగి, కూర్చున్నారు. కమిషనర్ గారు "దీని తాళములను" అని మళ్లీ మొదలెట్టారు. హార్న్‌లలోంచి మోపెడ్డు వచ్చింది. పిల్లలకి సంగతి అర్థమైపోయింది. ఒకరి తీగ ఒకరి తీగకి కలుపుకుంటూ పోయారు. కప్ప అందుకుంది, పసిబిడ్డ అందుకుంది, వాన కురిసింది. కమిషనర్ గారు మైకుని వేలితో టకటకా కొట్టి, "హలో, హలో" అన్నారు. అటెండరు పరుగెత్తుకొచ్చి, మైకుని దులిపి, మూతి తుడిచి, నోట్లోకి ఊది వెళ్లాడు. సభలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. ఆ జిల్లాలో ఇన్నేళ్లుగా ఏ సభకెళ్లినా వినేదే కదా. ముందు వరసలో శాలువా కప్పుకున్న ఖాసిం సాహెబు గారు మాత్రం కళ్లు మూసుకుని, మోకాలి మీద హాయిగా తాళం వేస్తున్నారు.

ఆర్జేడీ గారికి అనుమానం వచ్చి పల్లంరాజు గారి చెవిలో, "ఈ శబ్దము ఏ శాఖకు చెందును?" అన్నారు.

"మైకు కూతండి. అది అన్ని శాఖల్లోనూ ఉన్నదేనండి. ఎవరికీ అభ్యంతరం ఉండదండి" అన్నారు పల్లంరాజు గారు. అని, తన మాట తనకే కొత్తగా వినిపించి, కాస్త ఆలోచనలో పడ్డారు.

కమిషనర్ గారు మాత్రం కాగితం మడిచేశారు. సృజనాత్మకత మీద ఇంకా రెండు పేజీలున్నాయి మరి.

"ఏమిటండీ ఇది! సాంకేతిక కళాశాల అయ్యుండి, ఒక మైకు సక్రమంగా ఉంచుకోలేరా? దీన్ని ఎవరు బాగుచేస్తారు?"

"హైమవతి గారు, సార్. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో" అన్నారు ప్రిన్సిపాల్ గారు, పళ్లెం పట్టుకునే.

"అయితే ముందు ఆ పని చూడండి. మైకు మరమ్మతు పూర్తయ్యేవరకు ఆ ల్యాబుకి తాళం వేయడానికి వీల్లేదు. ఎంతమంది విద్యార్థులు అవసరమైతే అంతమందిని వినియోగించండి. మిగతా సంగతి తర్వాత చూద్దాం."

పల్లంరాజు గారు ఆ ఉత్తర్వు అక్కడికక్కడే రాసేశారు. కమిషనర్ గారు సంతకం పెట్టి, వడపప్పు పానకం తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు ల్యాబుకొచ్చి, విప్పిపోసిన ఆంప్లిఫయరు చుట్టూ మూగిన పిల్లల్ని చూసి, "ఇంతకీ దానికొచ్చిన రోగం ఏమిటమ్మా?" అన్నారు.

"అదేనండీ, వెతుకుతున్నాం" అన్నారు హైమవతి గారు.

మైకుకి ఏ రోగమూ లేదు. లేని రోగం దొరకదు, దొరకనిదే మరమ్మతు పూర్తి కాదు, మరమ్మతు పూర్తి కానిదే తాళం వేయకూడదు. పల్లంరాజు గారికి సంగతి తెలుసునని కాలేజీలో అనుకుంటారు. కానీ ఆయన చేతిలో ఉన్నది సంతకమైన ఉత్తర్వు, దాన్ని దాటి ఆయన ఒక్క అడుగు కూడా వేయరు. మామూలు రోజుల్లో ప్రార్థన వేళ ఆ మైకు గంటలా పలుకుతుంది. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే మాత్రం కూస్తుంది, వాళ్లు వెళ్లగానే మరమ్మతులు మరింత జోరందుకుంటాయి.

ఇప్పటికీ మెట్లెక్కి వెళ్లి, "లోపల ఏంటా గోల?" అని ఎవరైనా అడిగితే, పిల్లలు చేతిలో పనిలోంచి తలెత్తకుండానే జవాబు చెబుతారు.

"మైకు రిపేరండి."